మావయ్యగారూ, ఆయన ఇంగ్లీషు సినిమాలూ

పోయిన నెలలో మా అమ్మాయి వాళ్ళింట్లో కొత్త టీవీ కొన్నారు. గోడలో సగం అదే ఉంటుంది. నేను వెళ్ళేసరికి నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "నీకిష్టమని పాత ఇంగ్లీషు సినిమా ఒకటి వెతికి పెట్టానమ్మా, బొమ్మంతా శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారట" అంది. నలుపు తెలుపు సినిమా. సముద్రం మధ్యలో ఒక రాతిగుట్ట, దాని మీద లైట్‌హౌస్, ఈదురుగాలి. నేను కాఫీ తాగుతూ యథాలాపంగా, "ఇప్పుడు గాలికి కింద తలుపు తెరుచుకుంటుంది చూడు" అన్నాను. తెరుచుకుంది. "ఆవిడ లాంతరు పట్టుకుని మెట్లెక్కుతుంది, సగం దూరంలో అది ఆరిపోతుంది" అన్నాను. ఆరిపోయింది. "చూసిన సినిమా అయితే ముందే చెప్పొచ్చు కదమ్మా" అంది అమ్మాయి కొంచెం నొచ్చుకుని. నిజానికి నేను ఆ సినిమా చూడడం అదే మొదటిసారి. అమ్మాయి ఇంకా ఒళ్ళో పాపగా ఉన్న రోజుల్లో ఒకాయన నాకు ఆ సినిమా చెప్పారు. చెప్పారంటే నోటితో కాదు. అప్పటికి ఆయనకి మాట పడిపోయి కొన్ని నెలలైంది.

ఆయన మా మావయ్యగారు, అంటే మావారి నాన్నగారు. విశాఖపట్నం పోర్టులో టగ్గు మీద పనిచేసి రిటైరయ్యారు. టగ్గు అంటే పెద్ద పెద్ద ఓడలకి తాడు కట్టి హార్బరు లోపలికి లాక్కొచ్చే చిన్న పడవ. ఆయనా అలాగే ఉండేవారు, పొట్టిగా, దిట్టంగా, ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని లాక్కుపోతున్నట్టు కాస్త ముందుకి వంగి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. పూర్ణా మార్కెట్ వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు. పొద్దున్న బెల్లం వాసనతో మెలకువ వచ్చేది, మధ్యాహ్నం ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ములు వచ్చేవి, సాయంత్రం గాలి తిరిగితే సముద్రం వాసన. మా అత్తగారు నేను రాకముందే పోయారు. మావారు స్టీల్ ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర. ఒక వారం పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తే ఇంకో వారం రాత్రి వెళ్ళి పొద్దున్న వచ్చేవారు. ఎప్పుడొచ్చినా నిద్రే. ఇంట్లో మేలుకుని ఉండే మనుషులం నేనూ మావయ్యగారూ.

నేను పుట్టి పెరిగింది గోదావరి పక్కన. మాది అడుగడుక్కీ ఆయ్, అండీ అనే భాష. వచ్చిన కొత్తలో ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఏటి సేత్తన్నావ్ తల్లీ?" అని అడిగితే నాకు అర్థం కాలేదు. మా వైపు ఏటి అంటే ఏటి ఒడ్డు, ఏటి నీళ్ళు. ఈయన ఏ ఏటి గురించి అడుగుతున్నారో తెలియక, "గోదావరేనండీ" అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, వీధరుగు మీదకి వెళ్ళి కూర్చుని నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకు లోపలికి వినిపించింది. ఆ తర్వాత చాలా రోజులు నోరు విప్పాలంటే భయం. సందులో పిల్లలు నా "ఆయ్"ని అనుకరించి ఆడుకునేవారు. నేను గిన్నెలతో, బియ్యంలో రాళ్ళతో మాట్లాడుకుంటూ బతికాను కొన్నాళ్ళు. అది ఆయన గమనించారని నాకు తెలీదు.

ఒక శనివారం సాయంత్రం ఆయన గుమ్మం దగ్గరకొచ్చి గొంతు సవరించుకున్నారు. "రేపు ఆదోరం. మార్నింగ్ షోకి ఎల్తన్నాను. ఇంగ్లీషు సినిమా. వత్తావేటి?" అన్నారు. మామగారితో సినిమాకి వెళ్ళిన కోడల్ని మా ఊళ్ళో నేను చూడలేదు. అందులోనూ ఇంగ్లీషు సినిమా, అందులోనూ మార్నింగ్ షో. ఆ మాటకి ఆ రోజుల్లో ఉన్న పేరు మీకు నేను చెప్పక్కర్లేదు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి వినేసి, "ఏటమ్మా, మామా కోడలూ ఇంగ్లీషు సినిమాకేటి? ఆ పోస్టర్లు ఎప్పుడైనా సూసేవా?" అన్నారు. మావారిని అడిగితే, "నాన్నతో ఎల్లు. నాను షిఫ్ట్ దిగొచ్చి పడుకుంటాను" అని అటు తిరిగారు. అలా వెళ్ళాను, పిన్నిగారి కళ్ళు వీపు మీద మోసుకుంటూ.

హాలు వన్‌టౌన్‌లో ఉండేది. మావయ్యగారు వయసులో ఉన్నప్పుడు, ఓడల మీద వచ్చిన తెల్లవాళ్ళు ఆదివారం పొద్దున్న అక్కడికి సినిమాకి వెళ్తుంటే, వాళ్ళకి దారి చూపించడానికి వెళ్ళి, ఈయనా లోపల కూర్చుండిపోయారట. అప్పటి నుంచీ మానలేదు. ఇంగ్లీషు వచ్చా అంటే, తాళ్ళకీ ఇంజన్లకీ సరిపడా వచ్చు. నెమ్మది, ఆపు, లాగు, వదులు. ఆ సినిమాల్లో ఎవరూ తాళ్ళు లాగేవారు కాదు కాబట్టి అది పనికొచ్చేది కాదు. నాకైతే అదీ రాదు. మరి ఎలా అర్థమవుతుందండీ అని రిక్షాలో అడిగితే, "మొకం సూత్తే తెలిసిపోదేటి?" అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆ రోజు సినిమా ఒక చాకలి మనిషి గురించి. ఏదో పెద్దింట్లో దొంగతనం మోపి ఆమెని కోర్టుకి లాగుతారు. బొమ్మ నిండా వాన కురుస్తున్నట్టు గీతలు, మధ్యలో రెండుసార్లు రీలు తెగింది, ఫ్యాను చప్పుడులో సగం మాటలు పోయాయి. వచ్చినా మాకు ఒకటే. మావయ్యగారు మధ్యలో ఒక సీటు ఖాళీ వదిలి కూర్చుని, ఆ సీటు మీదకి వంగి నెమ్మదిగా కథ చెబుతూ వచ్చారు. ఒక చోట మాత్రం ఆపేశారు. "సూడు తల్లీ. ఇప్పుడీవిడేటీ మాటాడదు. సూడు" అన్నారు. అవతలి లాయరు ఏదో అన్నాడు, కోర్టంతా నవ్వింది. తెర నిండా ఆమె ముఖం ఒక్కటే వచ్చింది. మనిషి ముఖం అంత పెద్దగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. తెలుగు సినిమాలు చూడలేదని కాదు. కానీ వాటిలో ముఖం వచ్చిందంటే వెంటనే మాటో పాటో ఏడుపో వచ్చేది. ఈమె ఏడవలేదు. దవడ ఒక్కసారి బిగిసింది, కింది పెదవి లోపలికి పోయింది, అంతే. మా నాయనమ్మ బంతిలో అందరి ముందూ కూర ఇలా ఏడ్చిందేమిటని విసుక్కున్నప్పుడు, వడ్డిస్తున్న మా అమ్మ దవడ అచ్చం అలాగే బిగిసేది. ఆ సంగతి నేను అప్పటిదాకా మర్చిపోయాను, అసలు చూశానని కూడా నాకు తెలియదు. భూమికి అవతలి పక్క, నేను పుట్టకముందు, ఎవరో తెల్లావిడ మా అమ్మ ముఖం పెట్టుకుని నిలబడి ఉంది. ఇంటికొచ్చాక ఆ వేళ నేనే మాట్లాడాను, అన్నం వడ్డిస్తూ, అంట్లు తోముతూ, సాయంత్రం దీపాలు పెట్టేదాకా. ఆయన "ఊఁ" కొడుతూ కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నేను అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

ఆ తర్వాత ఆదివారాలు మావి. కొన్నాళ్ళకి మావారు సెకండ్ హ్యాండులో వీసీఆర్ తెచ్చారు. మెయిన్ రోడ్డు మీద వీడియో షాపులో ఎవరూ ముట్టుకోని అడుగు అరలో పాత ఇంగ్లీషు క్యాసెట్లు ఉండేవి, అవన్నీ మా ఇంటికే. ఇంకొన్నాళ్ళకి కేబుల్ వచ్చింది. పగలంతా పిల్లల బొమ్మలు ఆడే ఛానల్ ఒకటి రాత్రి భోజనాల వేళ దాటగానే వేషం మార్చుకుని పాత సినిమాలు వేసేది. పిల్లి, ఎలుక వెళ్ళిపోయి అదే తెర మీదకి టోపీలు పెట్టుకున్న మగవాళ్ళూ, మెట్లు దిగే ఆడవాళ్ళూ వచ్చేవారు. మావారు ఎప్పుడైనా మెలకువగా ఉంటే ఆ సిగరెట్లు చూసి, "మా ఫర్నేసు కాడ కూడా ఇంత పొగుండదు" అని వెళ్ళి పడుకునేవారు. ఆ సినిమాల్లో పెద్దమనుషులు ఆడవాళ్ళు ఎదురైతే టోపీ ఎత్తుతారు. మావయ్యగారికి అది తెగ నచ్చింది. టోపీ లేదు గనక, పక్కింటి పిన్నిగారు ఎదురైనప్పుడల్లా తలకి చుట్టుకున్న తువ్వాలు మర్యాదగా ఎత్తి దించడం మొదలుపెట్టారు. ఆవిడ మొదట కంగారుపడ్డారు, తర్వాత ఎదురుచూశారు, ఒకరోజు ఆయన మర్చిపోతే అలిగారు.

మాకు చేపలు తెచ్చే మనిషి జాలరిపేట నుంచి వచ్చేది. నెత్తిమీద గంప, వెనకాలే సందులో పిల్లులన్నీ. మావయ్యగారి కన్నా కాస్త చిన్నది. వాళ్ళాయన సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదని, అది జరిగి చాలా ఏళ్ళయిందని సందులో అందరికీ తెలుసు, ఆమె దగ్గర మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. ఒక రోజు ఆమె వచ్చేసరికి మేం ఒక క్యాసెట్ చూస్తున్నాం. చేపలు పట్టే ఊరి కథ. తుఫానులో పడవలు. ఆమె గంప దించకుండానే గుమ్మంలో నిలబడి చూసి, "బావూ, ఆడెవడో గాని పడవ నడపడం రాదు. కెరటానికి అడ్డంగా పెట్టేడు సూడు" అంది. ఇంకొంచెం ముందుకొచ్చి, "ఇది సముద్రం కాదు బావూ. సెరువు. కెరటం ఒక్క పక్కనించే వత్తంది" అంది. మావయ్యగారు, "గమ్మునుండు సెల్లీ, ఆళ్ళకి అంత సముద్రం ఎక్కడ దొరుకుద్ది?" అన్నారు. నేను నవ్వాపుకుంటూ ఉల్లిపాయలు తరుగుతున్నాను.

తర్వాత సినిమాలో తెల్లారింది. పడవలు కొన్ని తిరిగొచ్చాయి. ఒడ్డున ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళూ తమ మనిషిని గుర్తుపట్టి పరిగెత్తారు. చివరికి ఒడ్డు మీద ఒక్కతే మిగిలింది. ఆమె గుండెలు బాదుకోలేదు. చలికి శాలువా సర్దుకుని, వచ్చిన పడవల్ని మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది, ఎక్కడో తానే పొరబడ్డట్టు. గుమ్మంలోంచి మాట రాకపోవడంతో నేను తల తిప్పాను. చేపలావిడ గంప పక్కన పెట్టి నేల మీద కూర్చుని ఉంది. సినిమా అయిపోయి తెర మీద చుక్కలు వచ్చినా లేవలేదు. "అలగే సూసేను" అంది. "అందరివీ సూసి మళ్ళీ సూసేను. ఆ దొరసానికి ఎవలు సెప్పేరో మరి." మావయ్యగారు లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఈలోగా పిల్లులు గంపలో సగం ఖాళీ చేశాయి. ఆమె చూసి, "పోన్లే, తిననీ" అంది. ఆ వేళ నాకు తెలిసింది, మేం చూస్తున్నవి ఇంగ్లీషు సినిమాలు కావని. చెరువులో తీసిన కెరటం అబద్ధం కావచ్చు, ఆ చూపు మాత్రం జాలరిపేట ఒడ్డున ఏ రోజైనా నిజమే. ఆ తర్వాత ఆవిడ కూడా మా జట్టులో చేరిపోయింది.

తొంభైలు అయిపోవస్తుండగా, మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, మావయ్యగారు ఒక పొద్దున్న వంకాయలకని మార్కెట్‌కి వెళ్ళి ఉల్లిపాయల దుకాణం ముందు కూలబడిపోయారు. కూలీలు తోపుడు బండి మీద ఇంటికి తెచ్చారు, అక్కణ్ణుంచి ఆస్పత్రికి. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. కాలు మెల్లగా ఊతకర్ర మీదకి వచ్చింది. చెయ్యి రాలేదు. మాట కూడా రాలేదు. చెప్పేదంతా అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, దారి మాత్రం మూసుకుపోయిందని డాక్టరు చెప్పారు. పరామర్శకి వచ్చిన చుట్టాలకి అది ఎంత చెప్పినా ఎక్కేది కాదు. మాట పోయిన మనిషికి చెవులూ పోయాయనుకుని, మంచం పక్కన నిలబడి, "బాగున్నావా బావా" అని హార్బరు అవతలికి వినపడేటట్టు కేకలు పెట్టేవారు. ఆయన కళ్ళు మూసుకునేవారు. కొన్నాళ్ళకి ఎవరొచ్చినా గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. నేను అట్టముక్క మీద కంచం, గ్లాసు, మంచం బొమ్మలు గీసి, ఏది కావాలో వేలు పెట్టమన్నాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, ఎడమచేత్తో నెమ్మదిగా పక్కకి నెట్టేశారు. తన జీవితం నాలుగు బొమ్మలకి కుదించుకుపోవడం ఆయనకి నచ్చలేదని నాకు తర్వాత తెలిసింది. తిండి తగ్గిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా ఉండేవారు. టీవీలో ఆయనకిష్టమైన పాత సినిమా వచ్చిందని పెడితే, అందులో వాళ్ళు మాట్లాడుకుంటుంటే చూడలేకపోయారు. కట్టెయ్యమని చెయ్యి ఊపారు. మావారు షిఫ్ట్ నుంచి వచ్చి ఆ మంచం పక్కన కింద కూర్చుని, తండ్రి కాళ్ళు పడుతూ అలాగే నిద్రపోయేవారు. ఆయన్ని మేం పోగొట్టుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

అదే రోజుల్లో మావారు నా కోసమని ఒక క్యాసెట్ తెచ్చారు. షాపువాడు అట్టపెట్టెలు తారుమారు చేశాడు. పెట్టె మీద ఉన్నది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. పెడితే మాట్లాడని సినిమా వచ్చింది, మాటలు పుట్టకముందు తీసినది. ఒక సన్నపాటి మనిషి, పెళ్ళివారింటికి తన ఎత్తున్న కేకు మోసుకుపోతుంటాడు, గాలి వీస్తున్న వీధిలో. ఒక చేత్తో కేకు, ఒక చేత్తో టోపీ. టోపీ పట్టుకుంటే కేకు ఒరుగుతుంది, కేకు పట్టుకుంటే టోపీ ఎగురుతుంది. ఎదురుగా ఒక పెద్దావిడ వస్తుంది. మర్యాదస్థుడు కదా, టోపీ ఎత్తాలి. ఎలా? పియానో తప్ప ఇంకేమీ వినపడదు. ఆపేద్దామని నేను లేవబోతుంటే మంచం కిర్రుమంది. మావయ్యగారు ఇటు తిరిగారు. మోచేతి మీద లేవడానికి చూస్తున్నారు. వెళ్ళి దిండు పెట్టాను. ఆ మనిషి కేకు నెత్తిమీద పెట్టుకుని, కేకునే టోపీలా ఎత్తి ఆవిడకి నమస్కారం పెట్టాడు. మావయ్యగారి గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. భయపడి చూశాను. నవ్వు. బొంగురుగా, తుప్పుపట్టిన తలుపు తీసినట్టు. ముఖం ఒక పక్కే నవ్వుతోంది, కానీ కళ్ళు రెండూ నవ్వుతున్నాయి. ఎడమచెయ్యి దుప్పటి మీద దరువు వేస్తోంది. లోపల నిద్రపోతున్న మావారు ఆ చప్పుడుకి లేచొచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "నాన్న నవ్వుతన్నాడేటి?" అన్నారు, నన్ను కాదు, ఎవర్నీ కాదు. ఆ పూట మావయ్యగారు ఇడ్లీలు తిన్నారు, ఇంకోటి కావాలని వేలితో చూపించారు. మర్నాడు మావారు షాపులో మాటల్లేని సినిమాలన్నీ అడిగారు. షాపువాడు, ఇవి ఎవరూ చూడరు సార్, మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడట.

ఆ సినిమాల్లో ఉన్నవాళ్ళెవరూ మాట్లాడలేరు. అయినా ప్రేమించారు, తగువులాడారు, ఆకలేస్తోందని చెప్పారు, అన్యాయం జరిగితే ఎదిరించారు. మావయ్యగారు వాళ్ళని చూస్తూ ఒక పక్కే మిగిలిన ఒళ్ళుతో మళ్ళీ చెప్పడం నేర్చుకున్నారు. మెడ కొంచెం వాలిస్తే పిన్నిగారు వచ్చారని. రెండు వేళ్ళు చక్రంలా తిప్పితే కొడుకు బస్సు వచ్చే వేళయిందని. కనుబొమ్మ ఎత్తి వంటింటివైపు వాసన చూస్తే పులుసులో ఉప్పు తక్కువని, అది తినకుండానే. నా పురుడైపోయి పాపతో పుట్టింటి నుంచి తిరిగొచ్చేసరికి ఆయన మళ్ళీ వీధరుగు మీద కూర్చుంటున్నారు. చుట్టాల కేకలకి కళ్ళు మూసుకోవడం మానేసి, చెవిలో వేలు పెట్టుకుని తల దులుపుకునేవారు. వాళ్ళే నవ్వి గొంతు తగ్గించేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో చిన్న సభే ఉంది. చేపలావిడ, పిన్నిగారు, సందులో పిల్లలు కొందరు, నా ఒళ్ళో పాప. సినిమా మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. పిల్లలు ఉసూరుమని లేవబోయారు. మావయ్యగారు పడకకుర్చీలోంచి ఎడమచెయ్యి ఎత్తారు, ఆగమన్నట్టు. తర్వాత ఆ చెయ్యి నిటారుగా నిలబెట్టి, పిడికిలి ముడిచి, మెల్లగా విప్పి మూశారు. విప్పి మూశారు. ఒక పిల్లాడు, "లైట్‌హౌస్" అన్నాడు. మా ఊరి పిల్లలకి అది చెప్పక్కర్లేదు, కొండ మీద రోజూ చూసేదే. ఆయన తల ఊపారు. అది అప్పుడు ఆడుతున్న సినిమా కాదు, నేను ఆ ఇంటికి రాకముందు ఆయన ఎప్పుడో వన్‌టౌన్ హాల్లో చూసినదై ఉంటుంది. భుజాలు ముడుచుకుని వణికారు, నుదురు తాకి చూసుకున్నారు. "జొరం. మొగుడికి జొరం" అంది చేపలావిడ. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ఆ క్షణంలో ఆయన ముఖం ఆడమనిషి ముఖమైపోయింది. మొగుడి వైపు చూసింది, విసుగ్గా తిప్పుకుంది, ఏదో పెట్టె మూత మూసి తాళం వేసింది. "ఎల్లిపోతంది. రేపు పడవొత్తే ఎల్లిపోద్ది" అంది చేపలావిడ. పిన్నిగారు, "ఎందుకెల్లాలి, జొరంతో ఉంటే?" అన్నారు. "ఏటి పడ్డదో ఏటో, నీకు తెలుసేటి?" అంది ఈవిడ. మావయ్యగారు వేలెత్తి ఇద్దర్నీ ఊరుకోబెట్టారు.

తుఫాను వచ్చింది. ఆయన ఊపిరితోనే వచ్చింది. కింద తలుపు గాలికి తెరుచుకుంది. ఆమె లాంతరుతో మెట్లెక్కుతోంది, లాంతరు ఆరిపోయింది. ఆయన చేత్తో గోడ తడుముతుంటే మాకు గోడ కనిపించింది. పైన దీపం తిరిగే యంత్రం ఆగిపోయి ఉంది. ఆమె పిడి పట్టుకుని చేత్తోనే తిప్పడం మొదలుపెట్టింది. ఆయన ఎడమచెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒక్కసారి తల తిప్పి దూరంగా చూశారు. ఎన్నో ఓడల్ని లోపలికి తెచ్చిన మనిషి ఒక ఓడ వెళ్ళిపోవడాన్ని కళ్ళతో చూపించారు, ఆ మూల నుంచి ఈ మూలకి, నెమ్మదిగా, దీపం ఎవరు తిప్పుతున్నారో ఆ ఓడకి తెలియకుండా. చెయ్యి తిరుగుతూనే ఉంది. కళ్ళు వాలిపోయాయి. మెడ వాలిపోయింది. చెయ్యి మాత్రం నిద్రలోనే తిరుగుతోంది. పిల్లలు కదలడం లేదు. అప్పుడు ఆయన ఆ చెయ్యి ఆపి, దాంతో తన చచ్చుబడిన కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. అది ఆమె అలిసిపోయిన చెయ్యి. జ్వరంతో పాక్కుంటూ మెట్లెక్కి వచ్చిన మొగుడి చెయ్యిలా ఎడమచెయ్యి వచ్చి దాని మీద వాలింది. కథ అయిపోయింది. చేపలావిడ చీరచెంగుతో ముక్కు తుడుచుకుని, "ఎల్లదు. ఇంకెల్లదు" అంది. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ కుడిచేతిని ఆయన ఎవరి ముందూ పైకి తీయలేదు, ఎప్పుడూ తువ్వాలు కింద దాచేవారు. ఆ వేళ దానికి కూడా ఒక వేషం ఇచ్చారు. ఆయన నా వైపు చూసి పెదవి కదిపారు. చాలాసేపు కష్టపడ్డారు. "సూ... సూడు" అన్నారు. కరెంటు వచ్చింది. ఎవరూ టీవీ వేయలేదు.

పోయిన నెల అమ్మాయి వాళ్ళింట్లో చూసింది ఆ సినిమానే. చివర్లో పడవవాడు వచ్చి చాలాసేపు ఏదో ఉపన్యాసం ఇస్తాడు. మావయ్యగారు ఆ భాగం పూర్తిగా కోసేశారు. కోయాల్సిందే. మిగతాదంతా ఆయన చెప్పినట్టే ఉంది, కాకపోతే ఆయన చెప్పిందే ఇంకొంచెం పెద్దగా కనిపించింది నాకు.

ఆ తర్వాత ఆయనకి కొన్ని మాటలు తిరిగొచ్చాయి. సూడు, రా, ఒద్దు, తల్లీ. వాటితోనే మరికొన్నేళ్ళు హాయిగా గడిపారు, మా అమ్మాయికి నడక నేర్పారు, దాన్ని బడిలో వెయ్యడం చూశారు. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళకి, ఒక వానాకాలం పొద్దున్న నిద్రలోనే పోయారు. చేపలావిడ ఆ రోజు గంప లేకుండా వచ్చి అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుంది. వన్‌టౌన్ హాలు పడగొట్టి బట్టల దుకాణం కట్టారు. వీసీఆర్ పాడైతే బాగుచేసేవాళ్ళు కరువయ్యారు. మావారు రిటైరయ్యాక తీరిగ్గా నాతో కూర్చుని ఆ సినిమాలు చూడడం మొదలుపెట్టారు. పొగ గురించి ఇప్పటికీ అదే మాట.

నేను మాత్రం మానలేదు. ఇన్నేళ్ళలో ఇంగ్లీషు కొంత వచ్చింది, కింద మాటలు రాసి వేస్తున్నారు కూడా. అయినా ఒక్కోసారి మాటలు తీసేసి చూస్తాను. ఎవరో ఎక్కడో, నా ఉనికే తెలియకుండా, స్టూడియో దీపాల వేడికి చెమటలు కక్కుతూ, ఒక్క చూపు కోసం పొద్దస్తమానం కష్టపడి ఉంటారు. ఆ చూపు సముద్రాలు దాటొచ్చి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక కోడలికి మాట నేర్పింది, ఒక ముసలాయనకి మాట లేకుండా బతకడం నేర్పింది. ఇదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ తెర మీద తిరిగేవాళ్ళలో బతికున్నవాళ్ళు ఎవరూ లేరు. మొదట్లో ఆ ఆడవాళ్ళు నాకు అక్కల్లా కనిపించేవారు. కొన్నాళ్ళకి నా ఈడువాళ్ళయ్యారు. ఇప్పుడు చూస్తే నా కూతురికన్నా చిన్నపిల్లలు, పాపం, ఎంత కష్టం వచ్చిందో అనిపిస్తుంది. వాళ్ళు నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు, కాలం నన్నొక్కదాన్నే చెయ్యిపట్టుకుని వాళ్ళ ముందు నుంచి నడిపించుకుపోతోంది.